నమ్మకంగా ఉన్నవాడికే పెద్ద బిల్లు

క్రూజ్ ప్రయాణం గురించి ఎవరిని అడిగినా ఒకే సలహా ఇస్తున్నారు. ఒక కంపెనీని ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉండు. జనవరిలో ఆఫర్లు వస్తాయి, అప్పుడే ఏడాది ముందుగా బుక్ చేసుకో. పాయింట్లు పెరుగుతాయి, హోదా పెరుగుతుంది, నాలుగైదు ప్రయాణాలయ్యేసరికి పెట్టిన డబ్బు సౌకర్యాల రూపంలో తిరిగొస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వేసవికి అమ్మానాన్నలను పిలిపించుకుని అలాస్కాకో బహామాస్‌కో తీసుకెళ్దామనుకున్నప్పుడు స్నేహితులు చెప్పేదీ ఇదే, ఏజెంటు చెప్పేదీ ఇదే. హైదరాబాద్‌లో సింగపూర్ క్రూజ్ ప్యాకేజీలు అమ్మే ఆఫీసుల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. ఈ సలహా తప్పు. పాటించినవాళ్లకు నష్టం చేస్తోంది కాబట్టి దాన్ని వివరంగా ఖండించాల్సిందే.

ముందు అందులో ఉన్న బలాన్ని ఒప్పుకుందాం. ఓడ రేవు దాటాక ఖాళీగా మిగిలిన గదిని ఇక ఎవరికీ అమ్ముకోలేరు. అందుకే గదులు నింపుకోవడానికి కంపెనీలు నిజంగానే ధర తగ్గించే రోజులుంటాయి. పాత ప్రయాణికులకు బట్టలు ఉచితంగా ఉతికి ఇవ్వడం, ఇంటర్నెట్‌లో రాయితీ, ముందుగా ఓడ ఎక్కనివ్వడం లాంటివి దక్కుతాయి. అలవాటైన ఓడలో, పేరు పెట్టి పలకరించే సిబ్బంది మధ్య గడపడం పెద్దవాళ్లకు ఎంతో హాయి. ఇవన్నీ నిజాలే. అయితే వీటి నుంచి ‘ఆఫర్లో కొంటే లాభం, ఒకే కంపెనీతో ఉంటే ఇంకా లాభం’ అన్న నిర్ణయానికి దూకడంలోనే లోపం ఉంది.

1. తగ్గింపు దేని మీద?

విలాస క్రూజ్ ప్రకటనలో పైన ఒక ధర కొట్టేసి ఉంటుంది, కింద అందులో సగం ఉంటుంది. ఒకరి ధరకే ఇద్దరికి ప్రయాణమన్న ప్రచారాన్ని రీజెంట్ సెవెన్ సీస్, ఓషియానియా సంస్థలు ఏళ్ల తరబడి నడిపాయి. ఆ ప్రకటనల అడుగున చిన్న అక్షరాల్లో ఒక వివరణ ఉండేది. తగ్గింపుకు ఆధారంగా తీసుకున్న బ్రోచర్ ధరకు అన్ని తరగతుల గదులూ అమ్ముడై ఉండకపోవచ్చని, గత 90 రోజుల్లో ఆ ధర అమల్లోనే ఉండి ఉండకపోవచ్చని దాని సారాంశం. అంటే ఎవరైనా కట్టారో లేదో తెలియని మొత్తాన్ని పైన రాసి, అందులో సగం మీకు మిగిల్చామని చెప్పడం. సంవత్సరమంతా సగం ధరే నడిస్తే ఆ సగమే అసలు ధర. అక్కడ తగ్గిందేమీ లేదు.

ఆషాఢానికి ముందు ధర చీటీ మార్చి, తర్వాత సగానికే అని బోర్డు పెట్టే బట్టల కొట్టును మనం ఇట్టే పసిగడతాం. అదే పని నీలి సముద్రం బొమ్మ మీద, అందమైన అక్షరాలతో, లక్షల రూపాయల సరుకు విషయంలో జరిగితే గౌరవంగా చూస్తున్నాం. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1964లోనే దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. పాత ధర అని చూపించేది చెప్పుకోదగ్గ కాలం పాటు నిజంగా, నిజాయతీగా అడిగిన ధర అయి ఉండాలని వాటి సారం. చిన్న అక్షరాల వివరణ చట్టం నుంచి కంపెనీని కాపాడుతుందేమో గానీ కొనేవాడికి అది ఏ మేలూ చేయదు.

తొందరపెట్టడం కూడా ఇందులో భాగమే. ‘ఇంకా రెండే గదులున్నాయి’, ‘ఈ అర్ధరాత్రితో ఆఖరు’ అంటారు. జనవరి నుంచి మార్చి దాకా సాగే పెద్ద అమ్మకాల కాలం అయిపోగానే వేసవి ఆఫర్ వస్తుంది, నవంబరులో బ్లాక్ ఫ్రైడే వస్తుంది. గడువు ముగిసిన ఆఫర్ మరో పేరుతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఆన్‌లైన్ అమ్మకాల్లోని 13 రకాల మోసపు ఎత్తుగడలను జాబితా చేసి నిషేధించింది. లేని తొందరను సృష్టించడం వాటిలో ఒకటి. ధరను ముక్కలు చేసి చివర్లో ఒక్కొక్కటే బయటపెట్టడం మరొకటి.

2. ఉచితమన్న దానికి ఎవరు కడుతున్నారు?

విమాన టికెట్ ఉచితమంటారు. నాకు వద్దు, నేనే కొనుక్కుంటానంటే ప్యాకేజీలోంచి కొంత మొత్తం తగ్గిస్తారు. వద్దన్నప్పుడు ధర తగ్గిందంటే, కావాలన్నప్పుడు అది ధరలో ఉన్నట్టే కదా. నార్వీజియన్ క్రూజ్ లైన్ ఏళ్లపాటు నడిపిన ‘ఫ్రీ ఎట్ సీ’ ఆఫర్లో పానీయాల ప్యాకేజీ ఉచితం, కానీ ఆ ప్యాకేజీ విలువ మీద సర్వీసు చార్జీని మాత్రం ప్రయాణికుడు కట్టాలి. ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి ఇచ్చే క్రెడిట్ సంగతీ అంతే. దాన్ని ఓడలోనే, ఓడ నిర్ణయించిన ధరలకే వాడాలి. చాలా సందర్భాల్లో చివరి రాత్రికల్లా వాడకపోతే అది మాయమవుతుంది.

మన దేశంలో దీనికి స్పష్టమైన నిబంధన ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్యాకేజీ ధరలో కలిసి ఉన్న అంశాన్ని విడిగా ఉచితమని చెప్పకూడదు. ఈ ఒక్క నిబంధనను అక్షరాలా అమలు చేస్తే ఇక్కడ కనిపించే క్రూజ్ ప్రకటనల్లో ఎన్ని నిలబడతాయో చూడాలి.

కంపెనీలు ఇంత ఉదారంగా ఎందుకు కనిపిస్తాయో వాటి లెక్కల పుస్తకమే చెబుతుంది. 2024లో కార్నివాల్ కార్పొరేషన్ ఆదాయం దాదాపు 2,500 కోట్ల డాలర్లు. అందులో మూడో వంతు టికెట్ల నుంచి కాకుండా ఓడ మీద జరిగిన అమ్మకాల నుంచి, ఇతర ఖాతాల నుంచి వచ్చింది. రాయల్ కరీబియన్‌కు ఆ వాటా 30 శాతం. టికెట్టు మీద కొంత వదులుకున్నట్టు కనిపించి జూదశాలలో, బార్లో, విహారయాత్రల కౌంటర్లో రాబట్టుకోవడం ఈ వ్యాపారానికి పునాది. టిప్పుల సంగతీ చూడండి. పెద్ద కంపెనీల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో దానంతటదే పడుతుంది. 18 డాలర్లు అనుకున్నా నలుగురున్న కుటుంబానికి వారానికి 504 డాలర్లు. ఆఫర్ కాగితం మీద ఈ అంకె కనిపించదు.

3. పాయింట్లు ఎవరి ఆస్తి?

ప్రచారంలో ఉన్న సలహా మొత్తం ఈ మెట్టు మీదే నిలబడింది, అందుకే ఇక్కడ కొంచెం ఆగాలి. పాయింట్లు మనం సంపాదించుకున్నవి, మన పేరు మీద దాచినవి అని అందరూ అనుకుంటారు. షరతుల కాగితం అలా చెప్పదు. పథకాన్ని ఎప్పుడైనా, ఎలాగైనా మార్చే హక్కు, రద్దు చేసే హక్కు కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది.

ఇది కాగితానికే పరిమితమైన హక్కు కాదని 2025 జూన్‌లో తేలిపోయింది. కార్నివాల్ క్రూజ్ లైన్‌లో అంతవరకూ ఓడ మీద గడిపిన ఒక్కో రోజుకు ఒక పాయింటు. 75 రోజులకు ప్లాటినం, 200 రోజులకు డైమండ్, ఒకసారి చేరితే ఆ హోదా పోదు. 2026 జూన్ నుంచి రోజుల లెక్క పక్కన పెడతామని, పెట్టిన ఖర్చును బట్టే హోదా ఇస్తామని, దాన్ని రెండేళ్లకోసారి మళ్లీ సంపాదించుకోవాలని ఆ కంపెనీ ప్రకటించింది. పాతవాళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చినా మూల సూత్రం మారిపోయింది. పదేళ్లపాటు ఏటా రెండు సెలవులు ఆ ఓడల మీదే గడిపిన విశ్రాంత ఉద్యోగి కంటే ఒకే ప్రయాణంలో పెద్ద గది తీసుకుని జేబు ఖాళీ చేసినవాడు ముందుకెళ్లగలడు. ఇన్నేళ్లూ వేరే ఓడ వైపు చూడకుండా ఉన్నవాళ్లు ఆ కంపెనీకి చేసిన వాగ్దానాన్ని నిలబెట్టుకున్నారు, ఆట నియమాలను కంపెనీ మార్చింది.

విమానయాన రంగం ఈ దారిలో ముందే నడిచింది. డెల్టా 2015లోనే రివార్డు మైళ్లను ప్రయాణించిన దూరాన్ని బట్టి కాకుండా పెట్టిన ఖర్చును బట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో హోదా నిబంధనలను మరింత బిగించినప్పుడు ప్రయాణికులు తిరగబడ్డారు. తాము శ్రుతి మించామని ఆ సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ ఒప్పుకుని కొంత వెనక్కి తగ్గారు. ఆ వెనకడుగు కూడా కొంతే అన్నది మరవకూడదు.

ఇక ఆ హోదాలతో దక్కేదేమిటో లెక్కేద్దాం. రాయల్ కరీబియన్‌లో మామూలు గదిలో ఒక రాత్రికి ఒక పాయింటు. డైమండ్ మెట్టుకు 80 పాయింట్లు కావాలి, అంటే వారం ప్రయాణాలు పన్నెండు. ఇద్దరికి వారానికి 2,500 డాలర్లే అనుకున్నా 30,000 డాలర్లు. అక్కడ దక్కే వాటిలో అందరూ గొప్పగా చెప్పుకునేది రోజుకు నాలుగు పానీయాల కూపన్లు. మందు ముట్టని మన అమ్మానాన్నలు వాటిని కాఫీకో జ్యూసుకో వాడుకుంటారు. అన్నిటికంటే పై మెట్టైన పినకిల్‌కు 700 పాయింట్లు. మామూలు గదిలో వెళ్లేవాళ్లు అక్కడికి చేరాలంటే వారం ప్రయాణాలు వంద చేయాలి. మెట్లు ఎక్కినవాళ్లు ఎక్కువైన కొద్దీ ఒక్కొక్కరికి అందేది పలచబడుతుంది. డైమండ్ సభ్యులు లాంజిలో పట్టనంతమంది అయ్యాక సాయంత్రపు ఉచిత పానీయాల బదులు కూపన్లు రావడం అలా జరిగిందే.

మరో క్రూజ్ కంపెనీ ఎంఎస్‌సి ఇంకో అడుగు వేసింది. ఇతర క్రూజ్ కంపెనీలో, పెద్ద హోటల్ గొలుసులో మీకున్న హోదా చూపిస్తే తన పథకంలో సరిసమాన హోదా ఇస్తుంది. వచ్చే కొత్తవాడికి అది మంచిదే. కానీ ఆ ఓడల్లోనే ఏళ్ల తరబడి తిరిగినవాడు ఏం అర్థం చేసుకోవాలి? వేరొకరి దగ్గర ఉన్నందుకు కూడా అదే మర్యాద దొరుకుతుంటే తన ఇన్నేళ్ల నమ్మకానికి విలువ ఎక్కడుంది?

4. పాత కస్టమరే బంగారమన్న సిద్ధాంతం ఎప్పుడో వెనకబడింది

ఫ్రెడరిక్ రైఖెల్డ్, ఎర్ల్ సాసర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. వదిలిపోయే కస్టమర్లను 5 శాతం తగ్గించుకోగలిగితే లాభాలు 25 నుంచి 85 శాతం దాకా పెరగవచ్చని అందులో చెప్పారు. పాతవాళ్లను కళ్లలో పెట్టుకుని చూసుకోవాలన్న నమ్మకానికి వ్యాపార ప్రపంచంలో పెద్ద ఊతం అక్కడి నుంచే దొరికింది. మనకు ఈ సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఆ కాలంలోనే ఉన్నారు.

కంపెనీలు అక్కడ లేవు. అదే పత్రికలో 2002 జూలైలో వెర్నర్ రైనార్ట్జ్, వి. కుమార్ నాలుగు సంస్థలకు చెందిన 16,000 మంది కస్టమర్లను నాలుగేళ్లపాటు పరిశీలించిన ఫలితాలు ఇచ్చారు. ఎక్కువకాలం ఉండటానికీ లాభదాయకంగా ఉండటానికీ ఉన్న సంబంధం అనుకున్నంత గట్టిది కాదని తేలింది. పాతవాళ్లకు సేవ చేయడం చవకేమీ కాదు, పైగా వాళ్లే రాయితీలు ఆశిస్తారు. దీన్నుంచి వ్యాపారులు తీసుకున్న పాఠం సూటిగా ఉంది: ఎన్నాళ్లుగా వస్తున్నాడన్నది వదిలేసి, ఎంత మిగులుస్తున్నాడో చూడు. డెల్టా 2015లో చేసిందీ, కార్నివాల్ 2025లో ప్రకటించిందీ ఆ పాఠానికి సరిపోయే పనులే. వాళ్లు లాభాన్ని కొలుస్తుంటే మనం అనుబంధాన్ని కొలుచుకుంటున్నాం.

నమ్మకంగా ఉన్నవాడు ఎక్కువ కట్టేది ఎక్కడంటే, పోల్చి చూడకపోవడంలో. బుక్ చేశాక ధర తగ్గితే కంపెనీ దానంతటది ఫోన్ చేసి తేడా తిరిగివ్వదు. కొనుక్కున్నవాడే గమనించాలి, ఫైనల్ పేమెంటుకు ముందే అడగాలి. తిరిగిరాని అడ్వాన్సు రకం తీసుకుని ఉంటే ప్రయాణం మార్చుకోవడానికి రాయల్ కరీబియన్ మనిషికి 100 డాలర్లు వసూలు చేస్తుంది. ఓడ మీద ఉండగానే, ఆ సంతోషంలో, తర్వాతి ప్రయాణం కట్టించుకునే కౌంటరు ప్రతి పెద్ద ఓడలోనూ ఉంటుంది. పోటీ కంపెనీ ధర చూసే తీరిక లేని చోట, ఎదురు ప్రశ్న వేసే బుద్ధి పుట్టని సమయంలో అమ్మకం జరగాలన్నది అక్కడి ఉద్దేశం.

పోటీ అంటున్నాం గానీ అది కూడా పేర్ల మధ్యే ఎక్కువ. సీబోర్న్, క్యునార్డ్, హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ అన్నీ కార్నివాల్ కార్పొరేషన్‌వి. రీజెంట్, ఓషియానియా 2014 నుంచి నార్వీజియన్ చేతిలో ఉన్నాయి. సిల్వర్‌సీ ఇప్పుడు రాయల్ కరీబియన్ సొంతం. ‘ఆ కంపెనీ వదిలి ఈ కంపెనీకి వచ్చాను’ అని సంబరపడేవాళ్లలో కొందరు ఒకే యజమాని ఇంట్లో గదులు మారారంతే.

5. ముందే కట్టిన డబ్బు ఎవరి దగ్గర ఉంది?

2025 మే నెలాఖరుకు కార్నివాల్ కార్పొరేషన్ దగ్గర ప్రయాణికులు ముందుగా కట్టిన సొమ్ము 850 కోట్ల డాలర్లు. ఇంకా జరగని ప్రయాణాల కోసం జనం కంపెనీకి ఇచ్చిన వడ్డీ లేని అప్పు అది. ఆఫర్లన్నీ ముందుగా కట్టమని ఎందుకు అంతలా ఒత్తిడి తెస్తాయో దీంతో తెలుస్తుంది. అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి ఆర్థిక పరిస్థితిని ఆరా తీస్తాడు. మనం మాత్రం స్విమ్మింగ్ పూల్ ఫొటోలు చూస్తున్నాం.

విలాసానికి మారుపేరుగా నిలిచిన క్రిస్టల్ క్రూజెస్‌ను గుర్తు చేసుకోవాలి. దాని పాత ప్రయాణికుల అభిమానం ఈ రంగంలో ఒక ఉదాహరణగా చెప్పుకునేవారు. 2022 జనవరిలో మాతృసంస్థ జెంటింగ్ హాంకాంగ్ కూలిపోయింది. ఇంధనం బకాయిల కేసులో మయామీలో తన మీద అరెస్టు వారెంటు ఎదురుచూస్తుండటంతో క్రిస్టల్ సింఫనీ ఓడ ప్రయాణికులతో సహా బహామాస్‌లోని బిమినీకి దారి మళ్లింది. అక్కడి నుంచి వాళ్లను ఫెర్రీలో ఫ్లోరిడాకు చేర్చారు. తర్వాత అబర్‌క్రోంబీ అండ్ కెంట్ ఆ ఓడలనూ బ్రాండునూ కొని 2023లో మళ్లీ నడపడం మొదలుపెట్టింది. ఎవరికి ఎంత తిరిగొచ్చినా, కుప్పకూలిన ఆ రోజుల్లో ముందే డబ్బు కట్టి కూర్చున్న ప్రయాణికులు క్రెడిట్ కార్డు కంపెనీకో, ఆస్తుల పంపకం చూసే ప్రతినిధికో అర్జీలు పెట్టుకోవాల్సి వచ్చింది. హోదా కార్డు ఏ వరసలోనూ ముందు నిలబెట్టలేదు.

ఇది అమెరికాకే పరిమితం కాదు. 2019 ఏప్రిల్‌లో ముంబై నుంచి ఆర్భాటంగా మొదలైన జలేష్ క్రూజెస్ 2020 అక్టోబరులో మూతపడింది. దాని ఓడ కర్ణిక అలంగ్ తీరంలో తుక్కయింది.

6. మన కుటుంబాలకు అదనపు ముప్పు

ఏడాది ముందు, తిరిగిరాని అడ్వాన్సుతో కొనమన్న సలహా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. విదేశీ జెండాతో నడిచే ఓడ అమెరికా రేవుల మధ్య నేరుగా ప్రయాణికులను చేరవేయకూడదన్నది 1886 నాటి చట్టం. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఓడలు విక్టోరియా లాంటి కెనడా రేవులో కాసేపైనా ఆగుతాయి. గ్రీన్ కార్డు ఉన్న కొడుక్కి ఇబ్బంది లేదు. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం కెనడా వీసా కావాలి. అది సమయానికి రాకపోయినా, ఈలోగా పెద్దాయన ఆరోగ్యం సహకరించకపోయినా పోయేది ప్రయాణికుడి డబ్బే. డెబ్బై ఏళ్లవాళ్ల కోసం ఏడాది ముందు మార్చుకోలేని ఒప్పందం కుదుర్చుకోమనడం తెలివైన సలహా ఎలా అవుతుంది?

7. ‘ఎవరూ బలవంతం చేయలేదుగా’

చివరికి మిగిలే వాదన ఇదే. ఇష్టముంటే కొనుక్కుంటారు, లేకపోతే మానేస్తారు, మధ్యలో ఫిర్యాదు ఎందుకంటారు. ఇష్టపూర్వకంగా కొన్నామనాలంటే అసలు ధర తెలియాలి, మొత్తం ధర తెలియాలి, ఇస్తామన్నది ఇస్తారన్న భరోసా ఉండాలి. పైన చూసినట్టు ఈ మూడింటిలో ఒక్కటీ పూర్తిగా లేదు. మార్కెట్టే సరిచేసుకుంటుందన్న మాటకు కాలిఫోర్నియానే జవాబు. అక్కడ 2024 జూలై 1 నుంచి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరే ప్రకటించాలని చట్టం వచ్చింది. అప్పటిదాకా పన్నులు, రేవు రుసుములు పక్కన పెట్టి చిన్న అంకెను చూపిస్తున్న పెద్ద కంపెనీలు పద్ధతి మార్చుకున్నాయి. పాత కస్టమర్ల మీద ఎంత ప్రేమ ఉన్నా దశాబ్దాలుగా చేయని పనిని చట్టం చేయించింది.

ఈ సలహా ఇచ్చే ఏజెంట్లను దుర్మార్గులని నేను అనడం లేదు. వాళ్ల ఆదాయం టికెట్టు ధర మీద వచ్చే కమీషన్. ఎక్కువ ధరకు, ముందుగా, మళ్లీ మళ్లీ కొనమనడం వాళ్ల బతుకుతెరువులో భాగం. అది తెలిసి వినాలి.

నా వైఖరి ఇది. ప్రతి ప్రయాణాన్నీ మొదటిసారి కొంటున్నట్టే కొనండి. కొట్టేసిన అంకెను చూడకుండా, పన్నులు, టిప్పులు, వీసాలు, విమానం కలిపి తలకు ఎంతవుతుందో రాసుకుని కనీసం మూడు కంపెనీలతో పోల్చండి. తిరిగొచ్చే అడ్వాన్సు కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. క్రెడిట్ కార్డుతోనే కట్టండి. ఫైనల్ పేమెంటు గడువు దాకా ధర చూస్తూ ఉండండి, తగ్గితే అడగండి. హోదా వచ్చిందా, వాడుకోండి, కానీ దానికోసం ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టకండి.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. విశాఖలో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2022లోనే కార్డీలియా ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగింది. 2029 నాటికి క్రూజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలని కేంద్రం 2024 సెప్టెంబరులో క్రూజ్ భారత్ మిషన్ మొదలుపెట్టింది. టెర్మినళ్లకు పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఆ టెర్మినల్‌కు వచ్చే ప్రయాణికుడి డబ్బు మీద పెట్టాలి. ప్రయాణం పూర్తయ్యేదాకా అడ్వాన్సు విడి ఖాతాలో ఉండాలని, తప్పనిసరి ఖర్చులన్నీ కలిపిన ధరే ప్రకటనలో ఉండాలని, పథకాల నిబంధనలు మారితే అప్పటికే సంపాదించిన హోదాకు అవి వర్తించకూడదని ఓడలు పెరగకముందే నిబంధనలు తేవాలి. 2022, 2023 మార్గదర్శకాలు చేతిలో ఉండగా కేంద్ర ప్రాధికార సంస్థ క్రూజ్ ప్రకటనలను తనంతట తానే విచారణకు తీసుకోవచ్చు. పాఠకులు కూడా ‘ఉచితం’ అని చెప్పి డబ్బు వసూలు చేసిన ప్రకటన కనిపిస్తే దాని ఫొటో తీసి ఉంచుకోండి, 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.